కట్ట అడుగున పేజీ

గురువారంలోపు చేయాల్సిన పనులు, పాడైపోయిన ఒక కాపీ కాగితం వెనక రాసుకున్నవి:

ట్యూషన్ సెంటర్ వాళ్ల లెక్కల నోట్సు, నూట ఇరవై సెట్లు, రెండువైపులా.
పెద్ద మెషిన్‌కి టోనర్ మార్చాలి.
చెల్లి కళ్లద్దాలు తేవాలి.
నాటకం దొరకాలి.
దొరికితే చదవాలి. చదివితే అర్థం కావాలి.
పది నిమిషాలు తడబడకుండా మాట్లాడాలి.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని నేను. పిన్ని జిరాక్స్ షాపులో పనిచేస్తూ ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నాను. గురువారం నా సెమినార్. అది పోతే ఏడాదంతా పోయినట్టే. "ఒక్క ఏడాది చూస్తాం, తప్పితే మానేసి షాపు చూసుకో" అని నాన్న ముందే చెప్పేశాడు. నాన్న మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే, మంచికైనా చెడ్డకైనా.

మా మేడమ్ తలా ఒక పాత నాటకం పంచింది. నాకొచ్చింది రెండు వందల ఏళ్ల నాటి హాస్యనాటకం. అందులో ఒక పనిమనిషి, రాయడం రాని యజమానురాలి తరఫున ప్రేమలేఖలు రాస్తుంది. ఆఖరికి దొరికిపోతుంది. లైబ్రరీలో ఆ పుస్తకం లేదు, గైడు లేదు.

సోమవారం నుంచి ఫోన్లో వెతుకులాట మొదలుపెట్టాను. అబ్బ, ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో! పాత ఇంగ్లీషు మాటకు ఏ కాలంలో ఏ అర్థమో చెప్పే నిఘంటువు ఒకటి. పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసర్లు క్లాసులో చెప్పిన పాఠాలు మొదటి నుంచి చివరిదాకా, ఉచితంగా. ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్లు పాత నవలలు గొంతెత్తి చదివి పెట్టిన రికార్డులు. అవి చెవిలో పెట్టుకుని లెక్కల నోట్సు నలభై సెట్లు తీసేశాను.

"ఏమే, మెషిన్‌తో పాటు నువ్వూ ఊగుతున్నావేంటి?" అంది పిన్ని.

"పాఠం వింటున్నా పిన్నీ."

"పాఠానికి ఊగేదాన్ని నిన్నే చూశా."

నా నాటకం గురించి మాత్రం రెండంటే రెండు సైట్లు. రెండూ ఒకటే మాట: 'చివర్లో పనిమనిషి క్షమాపణ చెప్పుకుని, ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.' రెంటిలోనూ యజమానురాలికి ముగ్గురు అన్నదమ్ములని మొదట్లో ఉంది, చివరికొచ్చేసరికి నలుగురయ్యారు. ఒకేచోట ఒకే తప్పు! కాపీకి కాపీ ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అసలు పుస్తకం చూడాల్సిందే.

బుధవారం మధ్యాహ్నం అది దొరికింది. ఏదో దూరపు లైబ్రరీ వాళ్లు తమ పాత పుస్తకాలన్నీ ఫొటోలు తీసి నెట్లో పెట్టారు. అట్ట, లైబ్రరీ ముద్ర, పసుపెక్కిన కాగితం, అన్నీ కనిపిస్తున్నాయి. షాపులో ఎగిరి గంతేశాను. ప్రశ్నపత్రం కాపీలకొచ్చిన మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

మూడు గంటల్లో నాటకం చదివేశాను. పనిమనిషి ఎంత గడుసుదో! మాటకు మాట, చురకకు చురక. ఇలాంటిది క్షమాపణ చెప్పి ఉండిపోవడమేంటి, నాకు మింగుడు పడలేదు. ఆఖరి పేజీ తిప్పాను. 'క్షమించండి, అమ్మగారూ...' అని మొదలైంది ఆమె మాట. ఆ కిందంతా మనిషి వేళ్లు!

ఫొటో తీసేవాళ్లు పేజీ నొక్కి పట్టుకున్న రెండు వేళ్లు, రబ్బరు తొడుగులతో సహా, ఆరు వరుసల్ని కప్పేశాయి.

నీరుగారిపోయాను. "అయిపోయింది పిన్నీ. రేపు నేనేం మాట్లాడను?"

పిన్నికి ఇంగ్లీషు రాదు. ఫోన్ లాక్కుని ఆ వేళ్లకేసి చూసింది. "మరి మళ్లీ తీసిన కాపీ ఏదీ?"

"ఇది ఇంటర్నెట్టు పిన్నీ. మన షాపు కాదు."

"ఇంటర్నెట్టయితే? తీసింది మనిషేగా, వేళ్లు కనబడుతుంటే! పని తెలిసినవాళ్లయితే పాడైన పేజీ వదలరు. మనమేం చేస్తాం? మళ్లీ తీసి కట్ట అడుగున పెడతాం, వరస చెడకుండా. అడుగున చూడవే."

"అడుగున పుస్తకం వెనక అట్ట ఉంది."

"అట్ట కింద చూశావా?"

చూడలేదు. అట్ట వచ్చాక ఎవరు చూస్తారు? వేలితో జరిపాను. అట్ట. ఖాళీ పేజీ. ఇంకో ఖాళీ. ఫొటోలో రంగు సరిచూసుకోవడానికి పెట్టే గళ్ల కార్డు ఒకటి. మళ్లీ ఖాళీ. ఆ తర్వాత అదే ఆఖరి పేజీ! ఈసారి వేళ్లు అంచున ఉన్నాయి, ఒక్క అక్షరం మీద కూడా లేవు.

'క్షమించండి, అమ్మగారూ, ఇన్నాళ్లూ మీ పేరుతో రాశాను. ఇకమీదట నా పేరుతోనే రాసుకుంటాను.' కలం తీసుకుని, తలుపు తెరుచుకుని వెళ్లిపోతుంది. అంతే నాటకం!

"పిన్నీ, వెళ్లిపోయింది! ఆమె వెళ్లిపోయింది!"

"ఎవరే? ఎక్కడికి?" అని పిన్ని వీధిలోకి తొంగి చూసింది.

గురువారం పది నిమిషాలనుకున్నది పాతిక నిమిషాలైంది. మేడమ్ కళ్లజోడు పైకి తోసుకుని అడిగింది: "అయితే ఆ సైట్లు రాసింది తప్పంటావా?"

"వాళ్లు వేళ్ల దగ్గరే ఆగిపోయారు మేడమ్. మిగతాది ఊహించి రాసుకున్నారు."

క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. ఆ పేజీ ఎక్కడుందో నాచేత మళ్లీ చెప్పించుకుని, తన పుస్తకంలో రాసుకుంది. "వచ్చే ఏడాది ఇదే నాటకం మీద ప్రాజెక్టు చెయ్యి" అంది.

వచ్చే ఏడాది! ఆ రెండు మాటలూ నాన్నకు ఫోన్లో అప్పజెప్పాను. మేడమ్ ఏమందో మొదటి నుంచి చెప్పమన్నాడు. తర్వాత, "అయితే పుస్తకాలేం కావాలో రాసిపెట్టు" అన్నాడు.

ఇది చదివే మీలో కూడా రేపు ఎవరో ఒకరు ఏదో పాత పుస్తకం నెట్లో తెరుస్తారు. ఆ లైబ్రరీ గదిలో ఒక మనిషి కూర్చుని, తాను చదవని పుస్తకాల పేజీలు రోజంతా తిప్పి ఉంటుంది. ఒక పేజీ చెడిందని గమనించి, ఎవరూ అడగకుండానే, ఎవరికి పనికొస్తుందో తెలియకుండానే మళ్లీ తీసి పెట్టింది. ఆమో అతనో, పేరేంటో నాకు తెలియదు, మొహం తెలియదు, తెలిసింది రెండు వేళ్లు. మీకెప్పుడైనా పేజీ అంచున అలాంటి వేళ్లు కనబడితే, విసుక్కోకుండా, దయచేసి ఆ మనిషిని ఒక్క క్షణం తలుచుకోండి.