బీరువాలో ఉండిపోయిన సన్న కట్ట

ముందుగా నా తప్పులను మన్నించమని అడుగుతున్నాను. నలభై ఏడేళ్లు నిండాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. మీరు కూడా నిదానంగా చదివితే నాకు తోడు ఉన్నట్టుంటుంది.

నా భర్త రాఘవేంద్ర యూనివర్సిటీలో నదుల మీద పరిశోధన చేసే విభాగంలో అటెండరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. సంతకం పెట్టడం ఆయనే నేర్పాడు. రిజిస్టరులో చకచకా సంతకం పెట్టేదాన్ని కాబట్టి నాకు చదువు వచ్చనే అందరూ అనుకున్నారు. రాదని నేనూ చెప్పలేదు. ఫైళ్లను అట్ట రంగును బట్టి, మరకను బట్టి, లావును బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. పదకొండేళ్లలో ఒక్క ఫైలు కూడా తప్పు ఇవ్వలేదు.

నా పుట్టినూరు కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డు రాయచూరు జిల్లా, కర్ణాటక. 2009 అక్టోబరులో వరద వచ్చినప్పుడు పైన వాన పడిందన్న కబురు బెంగుళూరు పోయి, హైదరాబాదు వచ్చి, కర్నూలు పోయి, మండలాఫీసుకు చేరింది. అక్కడి నుంచి మా ఊరికి చేరేలోపలే నీళ్లు వచ్చేశాయి. నీళ్లకు ఆ తిరుగుడంతా లేదు కదా. మా అన్న నాగేంద్ర మిద్దె ఎక్కి బతికాడు. వదిన గొడ్లు విప్పడానికి కొట్టంలోకి పోయింది. గోడ పడింది.

ఆ తర్వాతే మా విభాగం పెద్ద అచ్యుతరామయ్య సారు ఆ ప్రాజెక్టు రాశారు. ఆయన గోదావరి జిల్లా మనిషి, తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. వానలు మునుపటిలాగా పడటం లేదని, నెల వాన రెండు రోజుల్లో కురుస్తోందని, దాన్ని తట్టుకునే పనులకు బయటి దేశాల నిధి ఒకటి డబ్బిస్తుందని నాకు టీ తాగుతూ చెప్పారు. నదికి ఎగువన ఏడు చోట్ల నీటిమట్టం చూసే స్తంభాలు పాతాలి. నీళ్లు గీత దాటగానే రెండు ఒడ్లలోనూ ఇరవై రెండు ఊళ్లలో సైరన్ మోగాలి. గొడ్లను తోలుకుపోవడానికి ఊరి పక్కన మట్టితో ఎత్తు దిబ్బలు పోయాలి.

"గౌరమ్మా, మన ఒడ్డు జాబితాలో మొదటి పేరు మీ ఊరిదే" అన్నారు.

ఆ మాట ఫోనులో చెబితే మా అన్న ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, "సైరన్ గట్టిగా మోగుతుందా మ్మే? నాకు ఒక చెవి సరిగా వినపడదు" అని అడిగాడు.

నిధివాళ్లది ఒకటే షరతు. నది రెండు రాష్ట్రాలది కాబట్టి రెండు ఒడ్ల జనమూ ఒప్పుకున్నట్టు సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితాలు పంపాలి. ఒక్క ఒడ్డువి పంపితే చెల్లదు. చదువుకునే పిల్లలు ఊరూరూ తిరిగి ఆ కాగితాలు తెచ్చారు. అవి సారు గదిలో బీరువాలో ఉన్నాయి. తాళంచెవి నా దగ్గర ఉండేది. ఆఖరి తేదీ 2010 ఫిబ్రవరిలో ఒక సోమవారం, సాయంత్రం ఐదు గంటలు.

ఆ సోమవారానికి క్యాంపస్ మూతపడింది. తెలంగాణ కోసం పిల్లలు రోడ్ల మీద ఉన్నారు. గేట్ల దగ్గర పోలీసులు, ముళ్లకంచెలు. ముందురోజు నుంచి టియర్ గ్యాస్. సారు తార్నాకలో ఉండిపోయారు. నేను విభాగం వెనక క్వార్టర్లలో ఉండేదాన్ని కాబట్టి లోపలే ఉన్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు మా వాచ్‌మన్ గట్టయ్య సెల్లుకు సారు ఫోను చేశారు.

"గౌరమ్మా, బీరువాలో పై అరలో కట్టలుంటాయి. తెలుగుది ఒకటి, కన్నడంది ఒకటి. రెండూ తీసుకుని తార్నాక చౌరస్తాలో ఇంటర్నెట్ సెంటర్ దగ్గరికి వచ్చేయగలవా? ఇక్కడి నుంచి పంపేద్దాం. గుర్తుపట్టగలవు కదా?"

"పట్టగలను సార్" అన్నాను.

కరెంటు లేదు. గదిలో గ్యాస్ వాసన నిండి ఉంది. పై అరలో మూడు కట్టలు కనిపించాయి. రెండు లావువి, ఒకటి సన్నది. కాగితాలు తిప్పి చూశాను. తెలుగు, కన్నడం చదవరాని కంటికి ఒక్కలాగే ఉంటాయి. అవే గుండ్రాలు, అవే తలకట్లు. లావు కట్టల్లో ఒకదాంట్లో వేలిముద్రలు ఊదారంగు, రెండోదాంట్లో నలుపు.

గట్టయ్యను పిలిచాను. ఆయన పదో తరగతి దాకా చదువుకున్నాడు. అప్పుడే ఎవరో పిల్లవాణ్ణి గేటు దగ్గర నుంచి మోసుకొచ్చి, కళ్లకు తడిగుడ్డ కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"అన్నా, ఇవి ఏవేవో జర చూసి చెప్పు" అన్నాను.

"ఏం జూడాలె చెల్లె, కండ్లల్ల మీ కర్నూలు కారం కొట్టినట్టున్నది. నువ్వు రోజూ సంతకం పెడ్తవు గద, నువ్వే సదువుకో."

"నాకు అద్దాలు లేవన్నా."

"నాకు కండ్లే లేవు ఇయ్యాల" అని నవ్వబోయి దగ్గాడు.

అక్కడ నిజం చెప్పి ఉండాల్సింది. ఒక నిమిషం ఆగి, ఆయన కళ్లు కడిగించి ఉన్నా సరిపోయేది. గేటు మూసేస్తారని తొందర. ఊదా ముద్రలది ఆ ఒడ్డు, నల్ల ముద్రలది ఈ ఒడ్డు అనుకున్నాను. అంత పెద్ద పనికి సన్న కట్ట ఏముంటుంది, ఏదో మిగిలిన కాగితాలై ఉంటాయని వదిలేశాను. బీరువాకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని, రెండు లావు కట్టలూ చీర కొంగులో చుట్టుకుని బయలుదేరాను.

తార్నాక చేరేసరికి మూడున్నర అయింది. ఇంటర్నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. సారు లోపల కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. మొదటి కట్ట విప్పి చూసి, పక్కన పెట్టారు. రెండోది విప్పారు. నాలుగు కాగితాలు తిప్పారు. మళ్లీ మొదటి నుంచి తిప్పారు.

"గౌరమ్మా, ఇది దానికి జెరాక్సు. రెండూ కన్నడమే" అన్నారు.

నేను ఆ కాగితాల వైపు వంగి చూశాను.

"సన్న కట్ట ఒకటి ఉండాలే, చూడలేదా? మన ఒడ్డుది సన్నదేనమ్మా. మీ ఊళ్లలో సగం మంది ఇంకా డేరాల నుంచి తిరిగి రాలేదు కదా, సంతకాలు తక్కువ పడ్డాయి." నా మొహం చూసి ఆగారు. "నీకు చదవడం రాదా?"

పదకొండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"రాదు సార్."

"చెప్పొచ్చు కదమ్మా. చెప్పి ఉంటే లావును బట్టి చెప్పేవాణ్ణి" అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

గట్టయ్యకు ఫోను చేశాం. మోగింది, ఎత్తలేదు. కళ్లలో మందు వేయించుకోవడానికి ఆస్పత్రికి తీసుకుపోయారని తర్వాత తెలిసింది. ఎత్తినా ఏం లాభం, తాళంచెవి నా బొడ్లో ఉంది.

నడిచినట్టూ కాదు, పరుగెత్తినట్టూ కాదు, అలా గేటు దగ్గరికి వచ్చాను. కంచె అడ్డంగా లాగేశారు. ఒక కానిస్టేబులు లాఠీ కిందికి పెట్టి నిలబడి ఉన్నాడు. గుర్తింపు కార్డు చూపించాను.

"కార్డున్నా లోపలికి పోనిచ్చేది లేదమ్మా. ఆర్డరు."

"అయ్యా, ఒక్క కాగితాల కట్ట. తీసుకుని వచ్చేస్తాను. మా ఊళ్లో సైరన్ పెట్టించే కాగితాలు."

"ఏ ఊరమ్మా?"

చెప్పాను. చెప్పాక, కర్నూలు అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

అతను మాత్రం ఇంకో దిక్కు చూస్తూ అన్నాడు. "నా తమ్ముడు గీ హాస్టల్లనే ఉన్నడమ్మా. పొద్దట్నుంచి ఫోన్ ఎత్తుతలేడు. నేనే పోలేకపోతున్న. నిన్నెట్ల పోనియ్యాలె చెప్పు?"

ఇద్దరం కంచెకు ఇవతలే నిలబడ్డాం. లోపల నినాదాలు వినపడుతున్నాయి. చెట్ల మీదుగా తెల్లటి పొగ లేచినప్పుడల్లా అతను మెడ చాచి చూసేవాడు. నేను బొడ్లో తాళంచెవిని పట్టుకుని నిలబడ్డాను. ఎవరో రోడ్డు దాటుతూ టైమడిగితే అతను వాచీ చూసి ఐదూ పది అని చెప్పాడు.

సారు ఒక్క ఒడ్డు కాగితాలే పంపి, రెండోవి వెనకాల వస్తాయని ఉత్తరం జతచేశారు. మూడు నెలలకు జవాబు వచ్చింది. రెండు ఒడ్ల సమ్మతి లేనందువల్ల ఈసారికి పరిశీలించలేమని.

ఆ వేసవిలో గట్టయ్య నాకు అక్షరాలు నేర్పాడు. మధ్యాహ్నం వరండాలో, పనికిరాని దరఖాస్తుల వెనకవైపు. "రాష్ట్రం తెస్తం గని, నీకు ఒత్తులు తెచ్చుడు నాతోని కాదు చెల్లె" అనేవాడు. నా మూలంగా ఏం జరిగిందో ఆయనకు తెలుసు. ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. ఆయన కళ్లు మాత్రం ఎండకు వెళితే నీళ్లు కారేవి.

2012లో నిధివాళ్లు మళ్లీ దరఖాస్తులు పిలిచారు. ఈసారి కట్టలు నేనే కట్టాను. 'తెలుగు' అని, 'కన్నడం' అని నా చేతులతో చీటీలు రాసి అంటించాను. కట్టలు సరిగ్గా వెళ్లాయి. అప్పుడు నిధివాళ్లు రాష్ట్ర ప్రభుత్వ హామీ పత్రం కావాలన్నారు. సారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. నది రేపు ఎన్ని రాష్ట్రాలదవుతుందో తెలియకుండా ఎవరు సంతకం పెడతారండీ, తేలనివ్వండి అన్నారట అక్కడివాళ్లు. తేలేలోపల గడువు అయిపోయింది. తేలాక సారు రిటైరైపోయారు.

వెళ్లే రోజు నన్ను పిలిచి, "ఆ సన్న కట్ట ఆరోజు దొరికినా ఈ హామీ పత్రం దగ్గర ఆగిపోయేదే గౌరమ్మా. నువ్వు మనసులో పెట్టుకోకు" అన్నారు. నిజమే చెప్పారో, నా కోసం చెప్పారో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

మా అన్న ఆ ఊళ్లోనే, ఆ ఒడ్డునే ఉన్నాడు. సైరన్ లేదు. వానాకాలం వస్తే నేను పొద్దున్నే పేపరు కొంటాను. ఏ డ్యాములోకి ఎంత నీరు వస్తోంది, ఎంత వదులుతున్నారు అని లోపలి పేజీలో వేస్తారు. వేలు పెట్టి ఒక్కో అంకె చదువుకుని అన్నకు ఫోను చేస్తాను. ఆయన రెండో చెవికి కూడా ఇప్పుడు సరిగా వినపడదు. గట్టిగా రెండుసార్లు చెప్పాలి.

మొన్న కూడా చెప్పాను. అంతా విన్నాడు.

"అవి నిన్నటి నీళ్లు మ్మే. నిన్ననే పోయినాయి" అన్నాడు. తర్వాత, "అయినా నువ్వు రేపు కూడా చెయ్" అన్నాడు.

గౌరమ్మ, వయసు 62
లాలాపేట్, హైదరాబాదు