మాడిన ఆకు కొసలు

జూన్ చివర్లో వచ్చే శాన్ హువాన్ పండుగ వెళ్ళిపోయింది. ఆ రోజుకి మొదటి వాన పడాలని ఎడారి ఊరు టూసాన్‌లో ప్రతి ముసలావిడా అంటుంది. ఏ ఏడూ సరిగ్గా పడదు, అయినా అనడం మానరు. ఈసారి ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఎండ మనుషుల మీద పగబట్టినట్టు కాస్తోంది.

పొద్దున్నే ఫెర్మిన్ పెరట్లో పీట వేసుకుని కుండీ ముందు కూర్చున్నాడు. గంజాయి మొక్క ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. కొసలన్నీ మాడిపోయాయి. ఆ మాడు కొసలతో ఆగకుండా అంచుల వెంబడి లోపలికి పాకుతోంది. అంచులు పైకి ముడుచుకుని ఆకులు దోనెల్లా అయ్యాయి. కింది ఆకులు పసుపెక్కి, చెయ్యి తగిలితే రాలుతున్నాయి. ఫెర్మిన్ రాగి గనిలో జీవితమంతా పంపులు, మోటార్లు బాగుచేసిన మనిషి. ఆగిపోయిన యంత్రం ఎందుకు ఆగిందో తేల్చకుండా ఇంటి ముఖం చూసి ఎరగడు. నడుమెత్తు మొక్క ఎందుకు చస్తోందో మాత్రం అతనికి అంతు పట్టడం లేదు.

పెరటి గేటుకి తాళం ఉంటే చాలు, ఈ ఊళ్ళో గంజాయి మొక్క గురించి అడిగేవాడు లేడు. అంగళ్ళలో కావలసినంత దొరుకుతుంది కూడా. కానీ అతని అక్క ఎలోదియాకి అంగడి సరుకు పడదు. అది ఒకసారి పీల్చి, గోడలు మీదికి వస్తున్నాయని పిల్లలా ఏడ్చింది. పడింది ఈ రకమే. పక్కవీధి వెర్నన్ అనే ముసలాయన ఎప్పటినుంచో కొమ్మ నాటుతూ కాపాడుకొచ్చిన పాత రకం, మెత్తని రకం. రెండు దమ్ములు తీస్తే ఎలోదియా కడుపులో తిప్పడం ఆగి, కాస్త అన్నం లోపల నిలిచేది. ఆమె కడుపులో రాచపుండు ఉంది. వైద్యం ఇక వద్దని డాక్టర్లే ఆపేశారు. వెర్నన్ చలికాలంలో పోయాడు. అతని ఇల్లు కొన్నవాళ్ళు పెరడంతా సిమెంటు పోయించారు. ఆ రకంలో మిగిలింది ఫెర్మిన్ కుండీలో ఉన్న ఈ ఒక్క కొమ్మే. నిరుటి పూలు సీసా అడుగుకి వచ్చాయి. అక్టోబరులో ఇది పూస్తే అక్క తింటుంది, లేకపోతే లేదు.

"ఎండదెబ్బ," అంది గోడ మీంచి డార్లీన్. ఆమె పక్కింటావిడ, ఏ విషయంలోనైనా తీర్పు చెప్పడానికి తయారుగా ఉంటుంది. "ఆకు అలా దోనెలా ముడుచుకుందంటే ఎండే. నా మాట విని నీడ కట్టు."

ఫెర్మిన్ పాత దుప్పటి తెచ్చి నాలుగు కర్రలకి కట్టాడు. నల్ల ప్లాస్టిక్ కుండీ మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది. వేళ్ళు ఉడికిపోతున్నాయేమోనని దాన్ని తీసుకెళ్ళి పెద్ద మట్టి తొట్టిలో దింపి, సందులో గడ్డి కూరాడు. ఆకులు మాడుతూనే ఉన్నాయి.

మొక్కల మందుల కొట్టువాడు ఫోటో సరిగ్గా చూడకముందే సీసా తీశాడు. "కాల్షియం లోపం పెద్దాయనా. ఇది పొయ్యి. వారంలో నన్ను తలుచుకుంటావు." ఫెర్మిన్ పోశాడు. వారంలో తలుచుకున్న మాట నిజమే, తలుచుకున్న తీరు వేరు. మాడు ఇంకో వేలెడు పాకింది. మళ్ళీ వెళితే అదే కొట్టువాడు, మందు ఎక్కువైంది, ఆపెయ్యమన్నాడు. ఆపేశాడు. భూతద్దం పెట్టి ఆకుల అడుగున నల్లుల కోసం, సాలెగూళ్ళ కోసం వెతికాడు. ఒక్క పురుగు లేదు. పురుగు కనిపించి ఉంటే ముద్దు పెట్టుకునేవాడు. కనీసం శత్రువు ఎవరో తెలిసేది.

కిటికీ పక్క కుర్చీలోంచి ఎలోదియా ఇదంతా చూస్తూ ఉండేది.

"ఒరేయ్ ఫెర్మిన్, దాన్ని చూడ్డం ఆపి ఒక పూట వదిలెయ్యరా. అంతసేపు మొహంలోకి చూస్తే నాకైనా ఆకులు రాలతాయి."

"నీకు రాలడానికి ఏముందే అక్కా, జుట్టు ఎప్పుడో పోయింది కదా."

"పోయినా నీ బట్టతల కంటే నయమే. మళ్ళీ వస్తోంది, చూడు." నవ్వబోయి కడుపు పట్టుకుంది. కలబంద రంగు శాలువాలో ఆమె చేతులు రెండు పుల్లల్లా ఉన్నాయి. ఫెర్మిన్ చూపు తిప్పుకున్నాడు. మొక్క కాబట్టి అంత సేపు చూడగలుగుతున్నాడు కానీ, అక్కని అలా చూడటం అతని వల్ల కాదు.

ఒక సంగతి మాత్రం అతన్ని తొలుస్తోంది. రోజూ తెల్లవారగానే పెరటి కుళాయి నీళ్ళు కొలిచి పోస్తున్నాడు. ఈ ఎండకి మర్నాటికల్లా మట్టి సున్నంలా ఎండిపోవాలి. వేలు గుచ్చితే తడిగానే తగులుతోంది. తను కట్టిన నీడ పనిచేస్తోందని మురిసిపోయాడు. ఎంత తెలివైనవాడికైనా తన పనితనం ఫలించిందనుకోవడం కంటే తియ్యని మాట లేదు కదా.

ఆ మురిపెం కూడా పోయింది, మట్టి అంచున తెల్లటి పొర కనిపించిన సాయంత్రం. గోటితో గీకాడు. పెచ్చులా లేచింది. నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

పీట మీదే కూర్చుండిపోయాడు. ఆ తెలుపు అతనికి కొత్త కాదు. ఏటా మే నెలలో ఇంటికప్పు ఎక్కి కూలర్ గడ్డి మార్చేటప్పుడు పాత గడ్డికి గట్టిగా పట్టి ఉండేది అదే. ఈ ఊరి నీళ్ళలో ఉప్పుంటుంది. కూలర్ నీటిని గాలికిచ్చి ఉప్పుని తన దగ్గరే ఉంచుకుంటుంది. అది పేరుకోకుండా సన్న గొట్టంలోంచి కొంత నీరు బయటికి వదిలిపెడుతుంది. పెరట్లో ఆ గొట్టం కింద బకెట్టు ఉంటుంది. వాళ్ళ అమ్మ కాలం నుంచీ ఆ ఇంట్లో కూలర్ నీళ్ళు పారబోసే ఆచారం లేదు. అవి దానిమ్మకీ గన్నేరుకీ పోస్తారు. ఆ రెండూ ఎంత ఉప్పునైనా మింగి ఇంకా కాస్తాయి, పూస్తాయి.

బకెట్టు దగ్గరికి వెళ్ళి చూశాడు. ఖాళీ. ఈ వేసవంతా తను ఆ బకెట్టు ఎత్తిన గుర్తు లేదు. నిండి పొర్లిన గుర్తు కూడా లేదు.

మర్నాటి మధ్యాహ్నం రోజూలా కునుకు తీయకుండా వంటింటి తలుపు వెనక నిలబడ్డాడు. ఎలోదియా కుర్చీలోంచి లేచింది. వాకర్ చట్రం పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ పెరటి మెట్టు దిగింది. డాక్టరు గుమ్మం దిగొద్దన్న మనిషి. కాఫీ డబ్బాతో బకెట్టులోంచి నీళ్ళు ముంచింది. డబ్బా చట్రానికి తగిలించుకుని మొక్క దాకా వెళ్ళి, పోసి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ బకెట్టు దగ్గరికి వచ్చింది. బకెట్టు అడుగు కనిపించేదాకా అలా తిరిగింది.

"తాగవే తల్లీ," అంటోంది మొక్కతో. "వాడు కుళాయి నీళ్ళు పోసి సరిపెడతాడు. పిసినారి వెధవ. దానిమ్మ చూడు, నా చేతి నీళ్ళు తాగి ఎలా విరగకాసిందో. నువ్వు కూడా పుయ్యాలి. నువ్వు పూస్తేనే నాకు ముద్ద దిగేది."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఫెర్మిన్ పని. జబ్బేమిటో దొరికింది. గనిలో అయితే ఈపాటికి చేతులు దులుపుకుని ఇంటికి బయల్దేరేవాడు. ఇప్పుడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అక్కకి చెప్పాలి, చెప్పి ఆపాలి. ఏమని చెప్తాడు? నువ్వు ఇంత కష్టపడి లేచి, రోజూ నీ చేత్తో నీ మొక్కకి విషం పోస్తున్నావని ఏ నోటితో చెప్తాడు?

చెప్పలేదు. సాయంత్రం కూలర్ గొట్టం దానిమ్మ వైపు తిప్పేశాడు. అక్క పడుకున్నాక కుండీలోకి మంచినీళ్ళు బకెట్ల కొద్దీ పోసి ఉప్పంతా కిందికి కడిగాడు. తొట్టి అడుగునుంచి టీ రంగు నీళ్ళు కారాయి.

మర్నాడు ఎలోదియా కిటికీలోంచి బకెట్టు చూసి, ఇక లేవలేదు. "కూలర్ చెడినట్టుందిరా. బకెట్టులోకి చుక్క రాలేదు," అంది గోడ వైపు తిరిగి. ఆ రోజు జావ కూడా ముట్టలేదు. మూడో పూటకి ఫెర్మిన్ భరించలేకపోయాడు. వాననీళ్ళ పీపా అడుగున మిగిలిందేదో తీసి, చాలక శుద్ధి చేసిన నీళ్ళు డబ్బాలతో మోసుకొచ్చి, బకెట్టు తనే నింపి పాత చోటే పెట్టాడు. "బాగయిందే అక్కా, గొట్టానికి ఏదో అడ్డం పడిందంతే," అన్నాడు. ఆమె మధ్యాహ్నం లేచింది. కాఫీ డబ్బా చప్పుడు వింటూ అతను మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

అక్క ఇప్పుడు పోస్తున్నది అమృతమే. మొక్క నడినెత్తిన లేత చిగురు ఒకటి వేసింది, కొస మాడకుండా. డార్లీన్ గోడ మీంచి చూసి, "చెప్పానా, నీడ!" అంది. ఫెర్మిన్ ఔనన్నాడు. అన్నం తింటూ రెండుసార్లు లేచి వెళ్ళి ఆ చిగురు చూసి వచ్చాడు.

కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఒక పొద్దున మొక్క మెడ వాల్చేసింది. నీళ్ళు పోసినా తల ఎత్తలేదు. తొట్టిలోంచి కుండీ పైకి లాగి, మట్టి గడ్డ బోర్లించి చూశాడు. తెల్లగా ఉండాల్సిన వేళ్ళు గోధుమరంగు పీచైపోయి, మురికి కాలవ వాసన కొట్టాయి. పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చాయి. కొమ్మ కోసి మళ్ళీ నాటుదామంటే పచ్చగా ఉన్న కణుపు ఒక్కటి లేదు. వెర్నన్ రకం అక్కడితో సరి.

ఎలోదియా కిటికీలోంచి అంతా చూసింది. అతను లోపలికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చంపేశావు కదరా," అంది. "ఆ సీసాలు తెచ్చి పొయ్యొద్దంటే విన్నావా? ఒకటి కాదని ఇంకోటి. దానికి ఊపిరాడనిచ్చావా? నేను ఒక్కదాన్నే దానికి ఇన్ని మంచినీళ్ళు పోసింది. నీకు తెలీదులే, రోజూ లేచి వెళ్ళి పోశాను. పూస్తుందనుకున్నాను."

ఫెర్మిన్ గొంతులో మాట సిద్ధంగానే ఉంది. అది తన తప్పు కాదని చెప్పే మాట. అంతకంటే నిజమైన మాట అతను జన్మలో అని ఉండడు. అక్క అరచేతుల్లో చట్రం ఒత్తుకుని లేచిన బొబ్బలు కనిపించాయి.

"అవునక్కా," అన్నాడు. "నేనే. మందులు ఎక్కువ పోశాను."

తమ్ముడు గుమ్మంలో మట్టిచేతులతో, బడిలో దెబ్బలు తిన్నవాడిలా నిలబడటం చూసింది. పెద్దదానికి మనసు ఆగలేదు.

"పోనీలేరా. నీకు మొక్కల చెయ్యి ముందునుంచీ లేదు. అమ్మ కూడా అనేది. ఇప్పుడు ఏడవకు, చూళ్ళేకపోతున్నాను. పొయ్యి మీద అటోలే జావ ఉందా? ఇలా పట్రా. తాగుతాను."

"నీకు దిగదే."

"దిగుతుంది. ఎందుకు దిగదు? పట్రమ్మంటుంటే."

తెచ్చాడు. ఎలోదియా కప్పు రెండు చేతులా పట్టుకుని, తమ్ముడి కళ్ళలోకి చూస్తూ తాగింది. ఒక్కో గుక్కకీ ఆగి, మింగి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. కప్పు సగమయింది. "చూశావా, ఆ మొక్కే అక్కర్లేదు నాకు," అంది. వెంటనే ఆమె మొహం తెల్లబడింది. ఫెర్మిన్ గిన్నె అందుకునే లోపే తాగినదంతా శాలువా మీదికి వచ్చేసింది.

ఆమె వీపు మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. వాంతి ఆగాక తడిగుడ్డతో మూతి తుడిచాడు. ఎలోదియా వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, రొప్పుతూ అంది.

"రేపు కాస్త పల్చగా కాయరా. చిక్కనైంది, అంతే."

"అలాగేనే అక్కా," అన్నాడు ఫెర్మిన్. చిక్కదనం వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.