అక్కకి మిగిలిన ఒక్క రోజు

"పిన్నీ, అది అమ్మ టికెట్టు. నువ్వు వాడేస్తే, అమ్మ వచ్చాక దేంతో వెళ్తుంది?"

శనివారం రాత్రి వంటింట్లో ఉన్న పెద్దవాళ్ళిద్దర్నీ నిలదీసింది పిడుగు. ఏడేళ్ళ పిల్ల. పిడుగని ఊరికే అనలేదు. బావ, అంటే పిల్ల తండ్రి, గిరుక్కున సింకు వైపు తిరిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

అక్క పోయి మూడు నెలలు. జబ్బు ముదిరాక ఈ పరాయి దేశం వదిలి పుట్టింటికి వెళ్ళింది. అక్కడే, చెల్లెలి చేతిలో చెయ్యి పెట్టి, కన్ను మూసింది. బావ పిల్లని పక్కింట్లో అప్పజెప్పి ఒక్కడే వెళ్ళాడు, అంతా అయ్యాక ఒక్కడే తిరిగి వచ్చాడు. పిల్లకి మాత్రం చెప్పలేదు. అమ్మ మందులు వాడుతోంది, గొంతు బాగాలేదు, ఫోనులో మాట్లాడకూడదన్నాడు డాక్టరు, అంటూ రోజుకొక అబద్ధం వండిపెట్టాడు. అబద్ధాలు నిండుకున్నాక మరదలికి ఫోను చేశాడు. "నా వల్ల కావడం లేదమ్మా. నువ్వు చెబితే మెత్తగా ఉంటుంది."

నెల రోజుల వీసా మీద వచ్చింది పిన్ని. పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి. రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేద్దామనుకుంటుంది. పిల్లకి జడ వేసి, రిబ్బను కట్టి, బడికి పంపేస్తుంది. మాట రేపటికి పోతుంది.

ఆ టికెట్టు సంగతేమిటంటే, ఊరి చివర పెద్ద వినోదాల పార్కు ఉంది. ఇక్కడ నివాసం ఉండేవాళ్ళకి తగ్గింపు ధరకి టికెట్టు ఇస్తారు. దాంతో ఏడాదిలో మూడు రోజులు వెళ్ళచ్చు. అయితే గేటు దగ్గర నివాస కార్డు చూపించాలి, కార్డు మీది మనిషే రావాలి. బయటి దేశం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళు పాస్‌పోర్టు చూపించి, దానికి మూడింతలు పెట్టి వేరే టికెట్టు కొనుక్కోవాలి. అక్కావాళ్ళు ముగ్గురూ రెండు రోజులు వెళ్ళొచ్చారు. మూడో రోజుకి ఈ ఆదివారంతో గడువు తీరిపోతుంది.

పిల్ల నిద్రపోయాక బావ అక్క కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తప్పు కదా బావా?"

"ఏం తప్పు? టికెట్టు మనదే. మీ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే మీ అమ్మే తడబడేది. గేటు దగ్గరవాళ్ళు రోజుకి వేలమందిని చూస్తారు. నీ ఒక్కదాని ముఖమే పట్టి పట్టి చూస్తారా?"

"నేనైతే చూస్తాను" అంది పిన్ని.

అది ఆమె ఉద్యోగం మరి. కాలేజీ పరీక్షల విభాగంలో గుమస్తా. హాలు టికెట్టు మీద ఫొటోనీ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పోల్చి లోపలికి పంపాలి. ముఖం మారచ్చు, చిక్కచ్చు, ఒళ్ళు చేయచ్చు, చెవి మాత్రం మారదని ఆమెకి పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. పోయినేడు ఒకమ్మాయి తన అక్క బదులు పరీక్ష రాయడానికి వచ్చింది. పిన్ని చెవి చూసి పట్టుకుని పంపించేసింది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు ఇంకా పిన్ని చెవుల్లోనే ఉంది.

"వెళ్ళు తల్లీ" అన్నాడు బావ, ఈసారి తగ్గిపోయిన గొంతుతో. "అక్కడ పిల్ల నాలుగూ చూసి నవ్వుతూ ఉంటుంది కదా. అప్పుడైనా చెప్పగలుగుతావేమో. ఇక్కడ ఈ గోడల మధ్య మనిద్దరి వల్లా కావడం లేదు."

అందుకు ఒప్పుకుంది. పొద్దున పిల్లని ఒప్పించడానికి తన వంతు అబద్ధం తనూ ఆడింది. "అమ్మని అడిగానే. వాడుకోమంది."

"ఎప్పుడు అడిగావ్? గొంతు బాగాలేదుగా?"

"మెసేజి పెట్టాను."

"ఏమని పెట్టింది?"

"నా బదులు నువ్వెళ్ళు, పిల్ల చెయ్యి వదలకు, అని."

పిడుగు బూట్లు వెతుక్కుంది. "సరేలే" అంది. ఆ 'సరేలే' పిన్నికి వాత పెట్టినట్టయింది. ఇంకొకరి పేరుతో మాటలు అల్లడమే తప్పు, ఇక పోయినవాళ్ళ నోట్లో పెట్టడమా!

బావకి లిఫ్టులు బాగుచేసే పని, ఆదివారం కూడా డ్యూటీ. పదకొండింటికి ఇద్దర్నీ గేటు దగ్గర దింపాడు. "పాస్‌పోర్టు మాత్రం బయటికి తీయకు. నీ పుట్టుపూర్వోత్తరాలన్నీ అందులోనే ఉంటాయి" అని నవ్వబోయి, నవ్వలేక, వెళ్ళిపోయాడు. పాస్‌పోర్టు లేకుండా గడప దాటని మనిషి పిన్ని. చేతిసంచీ అడుగున ఉందో లేదోనని తడిమి చూసుకుంది.

గేటు దగ్గర నడివయసు ఆవిడ కూర్చుని ఉంది, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో. పిడుగు టికెట్టుకి పచ్చదీపం వెలిగింది. పిన్ని, అక్క టికెట్టునీ కార్డునీ కలిపి ఇచ్చింది. ఎర్రదీపం వెలిగింది.

గేటావిడ మళ్ళీ పెట్టి చూసింది. మళ్ళీ ఎర్రదీపమే. ఏదో చెప్పింది. ఇక్కడి భాష పిన్నికి నాలుగు ముక్కలు కూడా రాదు. పిడుగుకి బడిలో వచ్చేసింది.

"ఏమంటోందే?"

పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. "పిన్నీ! ఈ టికెట్టు మీద అమ్మ పొద్దున్నే లోపలికి వెళ్ళిపోయిందట. తొమ్మిదీ పదికి."

పిన్ని టికెట్టు వైపు చెయ్యి చూపించింది. "పొరపాటేమో. సరిగ్గా చూడమను."

గేటావిడ తన ముందున్న తెరని వాళ్ళ వైపు తిప్పింది. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళనీ గేటు మీది కెమెరా ఫొటో తీస్తుందట. తెర మీద అక్క ఉంది. మంచంలో చిక్కి సగమైన అక్క కాదు. బుగ్గలు నిండుగా, ఒత్తుగా జుట్టుతో, జబ్బు సోకకముందున్న అక్క. కెమెరా వైపు చూడడం లేదు. తల వంచి పక్కకి చూస్తోంది, చెయ్యి పట్టుకున్న చిన్నపిల్ల ఏదో అడిగితే వంగి వింటున్నట్టు. ఆ పక్కన ఎవరూ లేరు.

"పాతదై ఉంటుంది. తారీకు అడుగు."

"ఇవాళ్టిదే పిన్నీ. కింద ఉంది చూడు, నాకు చదవడం వచ్చు."

పిన్ని కళ్ళు అలవాటుగా చెవి మీదికి పోయాయి. పై అంచున చిన్న నొక్కు. చిన్నప్పుడు ఇద్దరూ తలుపు దగ్గర పెనుగులాడుతుంటే గొళ్ళెం తగిలి పడింది. ఆఖరి రోజుల్లో తలకి నూనె రాస్తూ ఎన్నిసార్లు తడిమిందో దాన్ని. పన్నెండేళ్ళుగా ముఖాలు పోలుస్తోంది, పొరపడలేదు. ఇప్పుడూ పొరపడే వీలు లేదు.

"నీకు అబద్ధం మెసేజి పెట్టి, తనే వచ్చేసింది అమ్మ!" పిడుగు గంతులు వేస్తోంది. "నాకు సర్‌ప్రైజు!"

గేటావిడ పిన్నిని అనుమానంగా చూసింది. కార్డు గల మనిషి లోపలుంటే అది నీ దగ్గరేమిటని అడుగుతోందని పిల్ల చెప్పింది. పిన్ని పాస్‌పోర్టు తీసి ముందు పెట్టేసింది. "చెల్లెల్నని చెప్పు. చూడ్డానికి వచ్చానని చెప్పు. తప్పు చేశానని కూడా చెప్పు."

గేటావిడ పాస్‌పోర్టు తిప్పి చూసి, పిన్ని ముఖం చూసి, చల్లబడింది. కార్డు తన దగ్గర ఉంచుకుంది. సొంతదారు వచ్చినప్పుడు ఇస్తుందట. తర్వాత మైకు అందుకుంది.

అక్క పేరు పార్కంతా మోగింది. పరాయి నాలుక మీద వంకర తిరిగి, ఎక్కడెక్కడి స్తంభాల నుంచో ఒకదాని వెనక ఒకటిగా వినిపించింది. మీ అమ్మాయి గేటు దగ్గర ఎదురుచూస్తోంది, రండి. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. అవతల రంగులరాట్నం తిరుగుతూనే ఉంది. పిడుగు మునివేళ్ళ మీద నిలబడి జనంలోకి చూస్తోంది. ఆ ముఖం చూడలేకపోయింది పిన్ని. ఇప్పుడు ఊరుకుంటే ఈ పిల్ల ఇక జన్మంతా ఈ గేటు దగ్గరే నిలబడి ఉంటుంది.

చెయ్యి పట్టుకుని పక్కనున్న బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, విను. మెసేజి లేదు. నేను అబద్ధం చెప్పాను. అమ్మ రాదు. మూడు నెలల కింద మా ఇంట్లో చచ్చిపోయింది. నేను పక్కనే ఉన్నాను."

"లోపలుంది" అంది పిల్ల.

"నా చేతిలోనే పోయిందమ్మా."

"మరి ఫొటోలో ఎవరు?"

అబద్ధం చెప్పడం సులువే. మిషను చెడిపోయిందనచ్చు, ఎవరో పోలికగల మనిషనచ్చు. "అమ్మే" అంది పిన్ని. "ఎలాగో నాకు తెలీదు. నేను చూశాను. అమ్మే. అయినా అమ్మ చచ్చిపోయింది. రెండూ నిజమే."

పిడుగు గేటు వైపు చూసింది. తర్వాత, "నాన్నకి తెలుసా?" అంది.

"తెలుసు."

"పక్కింటివాళ్ళకి?"

"తెలుసు."

"అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు." ఏడవలేదు. చెయ్యి విడిపించుకుంది. "వచ్చేదాకా ఇక్కడే ఉంటా."

వద్దనలేదు పిన్ని. మనుషులు బయటికొచ్చే దారికి ఎదురుగా కూర్చున్నారు. దాని పైన పలక మీద, గేటు దాటి వెళ్ళినవాళ్ళు ఇంకా ఎంతమంది లోపల ఉన్నారో అంకెలు కనిపిస్తున్నాయి; గేటు దాటని పిడుగు ఆ లెక్కలో లేదు. పిన్ని నీళ్ళిస్తే తాగింది, రొట్టె ఇస్తే సగం తింది. ఎండ బల్ల మీది నుంచి వాళ్ళ కాళ్ళ మీదికి, కాళ్ళ మీది నుంచి గోడ మీదికి పోయింది. బెలూన్లతో, అలసిపోయిన పిల్లలతో, కీచులాడుకుంటూ జనం వస్తున్నారు. పిడుగు ఒక్కొక్క ముఖమే చూస్తోంది. పిన్నీ చూస్తోంది. నిజం చెప్పాలంటే ఆమె కూడా ఎదురుచూస్తోంది.

అయిదున్నరకి రంగులరాట్నం ఆగింది. పలక మీది అంకెలు వందలు, పదులు దాటి తొమ్మిదికి దిగాయి. ఐదు. రెండు. బండి నెట్టుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. ఒకటి.

ఆ ఒకటి అలాగే ఉండిపోయింది.

లోపలంతా తిరిగి చూసి వచ్చిన గేటావిడ పలక వైపు ఒకసారి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పిడుగు దగ్గరికొచ్చి, వంగి, మెల్లగా ఏదో చెప్పింది. పిల్ల శ్రద్ధగా విని తలాడించింది. గేటావిడ వెళ్ళి తలుపులు మూసి తాళం వేసింది.

"ఏమందే?" అంది పిన్ని.

పిడుగు ఆ ఒకటి వైపు, తాళం వైపు, పిన్ని ముఖం వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు ఊరాయి, అప్పుడు, మొదటిసారి.

"ఏం లేదు పిన్నీ" అంది. "లోపల ఎవరూ లేరట. జాగ్రత్తగా ఇంటికి పొమ్మంది."

అది పొద్దున 'మెసేజి పెట్టాను' అన్న తన గొంతేనని పిన్ని గుర్తుపట్టింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని లేచింది.