దేంతో భాగం పోతుందో

దోహా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ శివప్రసాద్ తీరు భార్య ప్రసన్నకి నచ్చలేదు. వెంట బ్యాటరీ పోయిన ఓ పాత లాప్‌టాప్ తెచ్చి ముందుగదిలో పెట్టాడు. అది పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. ఆపనివ్వడు. వేడెక్కుతోందని ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని వైపే తిప్పాడు. పొయ్యి దగ్గర ప్రసన్న చెమటలు కక్కుతోంది.

ఏమిటని అడిగితే, "ఏవో లెక్కల్లే" అనేవాడు.

ఓ రోజు పెరట్లో కొబ్బరిమట్టలు సర్దుతుంటే, గోడ అవతల మొగుడు ఫోన్లో మాట్లాడటం వినబడింది.

"ఆయ్, ఇంకా తేలలేదండి నిర్మలగారూ. రేపటికి తేలిపోద్ది. లేదండీ, ప్రసన్నకి చెప్పలేదు."

ఆమె విసురుగా లోపలికొచ్చి లాప్‌టాప్ తీగ పీకేసింది. తెర ఠక్కున నల్లబడింది.

శివప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ ఈ నిర్మల?"

"బుచ్చిరాజు భార్య. పి.గన్నవరం. వాడు దోహాలో మా రూములో ఉండేవాడని చెప్పేను కదా."

"ఆయనుండగా ఆవిడకి మీ ఫోన్లెందుకు?"

"వాడు లేడు ప్రసన్నా."

ఎండదెబ్బకి పనిలోనే కూలిపోయాడట. లాప్‌టాప్ అతనిదే. బుచ్చిరాజుకి సంఖ్యల పిచ్చి. ఎనిమిది కోట్లకు పైగా రెళ్లు వరసగా హెచ్చవేసి, అందులోంచి ఒకటి తీసేస్తే రెండున్నర కోట్ల అంకెలున్న సంఖ్య వస్తుంది. అది ప్రధాన సంఖ్యా, కాదా? అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగం పోదా? ఆ పరీక్ష మొదలుపెట్టి, సగంలో పోయాడు.

"అదేదో తేల్చి, లాప్‌టాప్ తెచ్చిమ్మని ఆవిడ అడిగేరు."

ప్రసన్న నమ్మలేదు. "మొగుడు పోయినావిడకి లెక్కలెందుకండీ? నేనూ వస్తాను. ఆవిడ నోటితోనే వింటాను."

"సరే, పద" అంటూ అతను తీగ మళ్లీ తగిలించాడు. లెక్క ఆగిన చోటి నుంచే మొదలైంది.

మర్నాటికి తేలింది. ప్రధాన సంఖ్య కాదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇద్దరూ రాజోలులో బస్సెక్కారు.

పి.గన్నవరంలో నిర్మల మంచినీళ్లిచ్చి, "ఏమైందండీ అన్నయ్యగారూ?" అంది. ఆ పిలుపుకి ప్రసన్న కాస్త మెత్తబడింది.

"కాదండి. దేంతోనో భాగం పోద్ది."

"దేంతోనండి?"

"ఈ పరీక్ష అది చెప్పదండి. పోద్దని మాత్రం చెబుద్ది."

నిర్మల లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. "కాదని తేలినా మంచిదేననేవారండి ఆయన. ఇంకెవరూ దాని వెంట పడక్కర్లేదు కదా అనేవారు."

కళ్లు తుడుచుకుని ప్రసన్న వైపు తిరిగింది. "అన్నయ్యగారు మళ్లీ దోహా వెళ్తున్నారటగా వదినగారూ. ఎండల్లో జాగ్రత్తని గట్టిగా చెప్పండి."

ప్రసన్న మొగుణ్ణి చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

తిరుగు బస్సు గోదావరి పాయ మీది అక్విడెక్టు వంతెన దాటాక ఆమె అడిగింది.

"వీసా వచ్చిందా?"

"వచ్చింది."

"అందుకేనా ఆయన పోయిన సంగతి దాచేరు?"

"చెబితే పంపవని."

ఇంటికి రాగానే వీసా ఏజెంటుకి ఫోన్ చేయించింది. "నేను రావట్లేదండి" అని అతను పెట్టేసేదాకా పక్కనే నిలబడింది. తర్వాత ఫోన్ లాక్కుని, చేసింది ఏజెంటు నంబరుకేనా అని చూసుకుంది.