స్టేషన్‌కి దగ్గర దారి

శుక్రవారం నుంచి పాసింజరు బండి మా స్టేషన్‌లో ఆగుతుందని నా భర్త ఉమామహేశ్ ఫోన్ చేసినప్పుడు నేను పెనం మీద పెసరట్టు పోస్తున్నాను. మాటల్లో పడి అట్టు మాడింది. తను ఇంటికొచ్చాక దాన్నే నవ్వుకుంటూ చెరిసగం తిన్నాం.

మంగళగిరి అవతల చేలల్లో స్టేషన్ కట్టినప్పుడు దాని ముందు మా నేతగాళ్ల వీధి ఒక్కటే ఉండేదట. తర్వాత బండ్లు ఆగుతాయన్న ఆశతో టీ బంకు, సెల్ షాపు, ఆటో స్టాండు, ఇంకా రంగులు వేయని లాడ్జి వచ్చాయి. ఒక్కో ఇంట్లో మగ్గం తీసేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి, ముందు గదిని షాపుకిచ్చేశారు. నేను కాపురానికొచ్చేనాటికి నేసేది మా మామయ్య పాండురంగయ్య ఒక్కరే.

పడుగు దారాలను వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి ఆరబెట్టాలి. చాపిన పడుగును ఎవరూ దాటరు. నన్ను తీసుకొచ్చిన పెళ్లి కారు కూడా చుట్టూ తిరిగే వచ్చింది. స్టేషన్‌కి దగ్గర దారి కూడా ఆ వీధే. దాన్ని తారు రోడ్డు చేయడానికి మామయ్య తప్ప అందరూ ఒప్పుకున్నారు. వీధి పోతే ఆయనకు పడుగు లేదు, మగ్గమూ లేదు.

శుక్రవారం తెల్లవారగానే ఆయన పడుగు చాపారు. ఇవాళొక్కరోజు ఆగమని ఉమామహేశ్ బతిమాలాడు.

"పడుగు కనపడితే ఆగరా ఏంటి? కళ్లుంటాయిగా," అన్నారు మామయ్య.

"కొడుకు పెళ్లి కారునే ఆపిన మనిషి. ఆటోలొక లెక్కా ఈయనకి," అంది అత్తయ్య పున్నమ్మ.

నేను పూలు పెట్టుకుని రైలు కోసం గుమ్మంలో నిలబడ్డాను. కూత వినపడింది. బండి అందుకోవాలని ఒక ఆటో వీధిలోకి దూసుకొచ్చింది. డ్రైవరుది ఈ ఊరు కాదు. దారాలే కదా అనుకున్నాడు. మామయ్య పడుగు చివరి తాడును గుంజకు కట్టబోతూ కుడిచేతికి చుట్టుకుని ఉన్నారు. దారాలు చక్రానికి చుట్టుకున్నాయి. తాడు బిగిసింది. ఆయన అరవలేదు, అత్తయ్య అరిచింది. అప్పుడే స్టేషన్‌లో చప్పట్లు మోగాయి.

విజయవాడ ఆస్పత్రిలో ఆయన వేళ్లు తీసేశారు. ఆ డ్రైవరు వచ్చి మంచం పక్కన కింద కూర్చుని ఏడ్చాడు.

ఆయన్ని నిన్న ఇంటికి తెచ్చాం. రైలు వెలుగు మా గోడ మీదుగా పరిగెత్తితే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. దాన్ని ముఖంలో కనపడనివ్వను.

ఇవాళ సాయంత్రం ఎడమచేత్తో టీ తాగుతూ మామయ్య కొడుకుని పిలిచారు.

"రేపు ట్రాక్టరు మట్టి తోలించు. మగ్గం గుంట పూడ్చేద్దాం. రోడ్డువాళ్లకీ పొద్దున్నే కబురు పెట్టు, వేసుకోమని."