ఎర్ర పొట్ట పులి

పులి వేషం కట్టిస్తానని మొక్కుకోవడానికి ఎంతసేపు కావాలి? నోరు తెరిచి అనేస్తే అయిపోయింది. కుట్టేటప్పుడు తెలుస్తుంది సంగతి. పీర్ల పండుగ తొమ్మిదో రోజు మధ్యాహ్నం, సూది మళ్ళీ వేలికి గుచ్చుకున్నప్పుడు కృష్ణమ్మ తనను తానే తిట్టుకుంది. తర్వాత సూదిని తిట్టింది. ఆ తర్వాత మొగుడిని తిట్టింది. నిజానికి అతనితోనే మొదలుపెట్టవలసింది.

కొడుకు భిక్షపతికి ఇప్పుడు ఐదో ఏడు. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ నడక రాకముందే పోయారు. అందుకే వీడు పుట్టగానే ఇల్లిల్లూ తిరిగి బిచ్చమడిగి ఆ పేరు పెట్టారు. పోయిన చలికాలం వీడికీ తట్టు పోసి, ఒళ్ళు తెలియని జ్వరంలో పడి ఉంటే, కృష్ణమ్మ గల్లీ చివర పీర్లను నిలిపే ఆషుర్ఖానా గడపకు తల ఆనించి మొక్కింది. వీడు లేచి తిరిగితే పండుగకు పులిని చేసి పీర్ల ముందు ఆడిస్తానంది. వాడు లేచాడు. ఇప్పుడు ఆ మాట తప్పితే ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం లేదు.

అందరిలా ఒంటికి రంగు పూయిస్తే తీరిపోయేది. కానీ వాడి చర్మం ఇంకా లేత. వార్నీషు కలిపిన ఆ రంగు కాస్త భుజానికి రాసి చూస్తే దద్దుర్లు లేచాయి. కాబట్టి పులిని గుడ్డతో కుట్టాలి. నల్లాల డిపార్టుమెంటులో ఫిట్టరు పని చేసే అంజన్నను, డ్యూటీ దిగి వస్తూ అఫ్జల్‌గంజ్‌లో పసుపు రంగు గుడ్డ తెమ్మంటే, తెల్ల గుడ్డ పట్టుకొచ్చాడు.

"పసుపుది దొర్కలె. ఇంట్ల పసుపు లేదా ఏంది?" అన్నాడు.

ఉంది. ఏడాదికి సరిపడా కొట్టించుకున్నదాంట్లో సగం తొట్టిపాలైంది. గుడ్డ ఆరుతుందా అంటే ఒకటే ముసురు. పొయ్యి మీద తాడు కట్టి ఆరేస్తే పులికి పొగ వాసన పట్టింది. సరే, పులికి అగరు వాసన ఎందుకులే అనుకుంది. దీపపు మసిలో తుమ్మబంక కలిపి, చారలు గీయమని కుంచె మొగుడి చేతికిచ్చి, అన్నం వార్చడానికి వెళ్ళింది. వచ్చి చూస్తే గుండె జారిపోయింది.

"గిదేందయ్యా?"

"చారలు."

"పులికి చారలు అడ్డం ఉంటయి గద! మెడకెల్లి నడుం దాంక గిట్ల నిలువు గీస్తే ఉడుత అయితది!"

ఉడుత అన్న మాట చెవిన పడగానే భిక్షపతి మూల నుంచి రాగం అందుకున్నాడు. "నేను ఉడుత కాను! నేను ఉడుత కాను!"

"పైపులు బిగించి బిగించి నీ కండ్లకు అన్నీ పైపులే అగుపడ్తున్నయా?" అంది కృష్ణమ్మ.

"ఇగ నీ పులిని నువ్వే చేస్కో. నాకెందుకీ లొల్లి," అని అంజన్న గొడుగు తీసుకుని బయటపడ్డాడు. పని చెడగొట్టి పైగా అలగడం మగవాళ్ళకు ఎవరు నేర్పుతారో ఏమో.

గుడ్డను తిరగేసి రెండో వైపు అడ్డం చారలు గీసింది. చొక్కా కుట్టింది, లాగు కుట్టింది. పాత దిండు చించి, దూది కూరి తోక చేసింది. వాడికి నచ్చలేదు.

"ఇంత పొట్టిదా? పెద్దపులి తోక నేల మీద ఈడ్వాలె!"

"ఎవడన్న తొక్కుతడురా."

"ఈడ్వాలె!"

ఇంకో మూర అతికించింది. వాడు ఒక్క గంతు వేశాడు, తోక ఊడింది. కుట్టింది. మళ్ళీ గంతు, మళ్ళీ తోక నేల మీద. "నిలబడురా, నీ కాళ్ళు మొక్కుత!" అని అరిచింది. వాడు నిలబడ్డాడు, ఒంటికాలి మీద.

ఇక పొట్ట తెల్లగా ఉండాలి. ఈ ఆలోచన ఎప్పుడు రావాలో అప్పుడు రాలేదు, గుడ్డంతా పసుపులో ముంచాక వచ్చింది. చూరు కింద గోడకు వేయగా మిగిలిన సున్నం గురిగి కనిపించింది. దేవుడే చూపించాడనుకుని, కుంచె ముంచి, వాడు తొడుక్కున్న చొక్కాకే పొట్ట నుంచి మెడ దాకా ధారాళంగా పూసేసింది.

కన్ను మూసి తెరిచేలోగా పొట్ట ఎర్రబడింది. నెత్తురు పూసినట్టు ఎర్రబడింది.

అమావాస్య అమావాస్యకు పసుపు నీళ్ళలో సున్నం కలిపి, ఎర్రగా మారిన ఆ నీళ్ళతో కొడుక్కి దిష్టి తీసి వీధిలో పారబోసే మనిషి ఆమె. చిన్నపిల్లను అడిగినా చెబుతుంది ఆ రెండూ కలిస్తే ఏ రంగవుతుందో. తడిగుడ్డతో తుడిస్తే ఎరుపు చంకల దాకా పాకింది. భిక్షపతి కిలకిలా నవ్వాడు. కృష్ణమ్మ వాడి వీపు మీద ఒక్కటేసింది. వాడు ఏడ్చాడు. వాడిని చూసి ఆమె కూడా ఏడ్చింది. బిడ్డ ఒంటి మీద నెత్తురు రంగు, అదీ మొక్కు తీర్చే రోజున! మాట నిలబెట్టుకోవడానికి పోయి ఏ కీడును ఇంటికి పిలిచానో అనుకుంది. గల్లీలో డప్పులు మొదలయ్యాయి.

పక్కింట్లో తమలపాకులు నములుతూ కూర్చున్న అత్త పోచమ్మ ఏడుపులు విని వచ్చింది. మనవడిని చూసింది, గురిగిని చూసింది.

"సున్నం పెట్టినవా?"

"నా బుద్ధి గడ్డి తిన్నదత్తా. ఇప్పుడు పోరన్ని ఎట్ల తీస్కపోవాలె?"

పోచమ్మ మనవడి ఎర్ర పొట్టను అరచేత్తో తడిమింది.

"ముందు పోయిన ఇద్దరికి దిష్టి నీళ్ళు తిప్పి బయట పారబోసినం," అంది. "వీనికి ఆ నీళ్ళే అంగి లెక్క తొడిగినవు. ఇగ వీని మీద ఎవ్వని కన్ను పడ్తది? లే, ముఖం కడుక్కో. పీర్లు లేస్తున్నయ్."

ఆషుర్ఖానా ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పుకు భిక్షపతి ఎగిరాడు, దూకాడు, ముందుకొచ్చిన ప్రతివాడి మీదా గాండ్రించాడు. "దేఖో, షేర్ షికార్ ఖాకే ఆయా!" అని ఒక ముసలాయన అరిస్తే అందరూ నవ్వారు. పులి వేట తిని వచ్చిందట. పీర్లను చూసుకునే ముజావర్ నెమలీకల కట్టతో వాడి తల నిమిరాడు. మొక్కు తీరింది. కృష్ణమ్మకు గుండెల నిండా ఊపిరి ఆడింది.

అంతలో పీర్లు బయటికి వచ్చాయి, జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. పులి ఎవరి కాళ్ళ మధ్యకో దూరింది. పసుపు రంగు కళ్ళ ముందు నుంచి మాయమైంది. కృష్ణమ్మ వంగి చేయి చాస్తే తోక చివర దొరికింది. పట్టి లాగింది. పొద్దంతా ఊడి ఊడి ఆమె ప్రాణం తీసిన ఆ తోక ఇప్పుడు ఊడలేదు. దాని వెంట భిక్షపతి వెనక్కి వెనక్కి నడుస్తూ ఆమె కాళ్ళకు తగిలాడు.

"తోక ఇడువు అమ్మా! పులి తోక పట్టుకుంటరా ఎవరన్న?"

"నేను పట్టుకుంట," అంది కృష్ణమ్మ, తోకను మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకుంటూ.