హామీ సంతకం

"వచ్చే నెల నుంచి నాతో పనికి వచ్చెయ్," అంది తల్లి, అన్నం కలుపుతూ. నర్సింగు రెండో ఏడు చదువుతున్న కూతురు "సరే" అంది. ఇద్దరూ తిని లేచారు. ఏడవాల్సిన చోట ఎవరూ ఏడవలేదు.

ఆ తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. భర్త కాలి ఆపరేషనుకు ఒక ఫైనాన్సు కంపెనీలో, నెలకు నూటికి మూడు వడ్డీకి అప్పు చేసింది. వాయిదా తప్పితే జరిమానా, జరిమానా మీద మళ్లీ వడ్డీ. రెండేళ్లు కట్టినా అసలు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ఇప్పుడు కూతురి ఫీజు కూడా అందులోకే పోతోంది.

పాఠకులు ఆశ్చర్యపోవచ్చు గానీ, ఆ లాండ్రీ కార్మికులకు సొంత పరపతి సంఘం ఉంది. పదకొండేళ్లుగా ఆమె జీతంలోంచి పొదుపు కోస్తున్నారు. అక్కడ సభ్యులకు వడ్డీ నూటికి ఒకటే. కానీ ఇద్దరు తోటి కార్మికులు హామీ సంతకం పెట్టాలి. పదిమందికీ తెలిసిపోతుందన్న భయంతోనే ఆమె ముక్కూమొహం తెలియని వాళ్ల గడప తొక్కింది.

మర్నాడు ఆమె సభ్యత్వం రద్దు చేసుకుని, పొదుపు తీసి వాయిదా కడదామని సంఘం గదికి వెళ్లింది. కార్యదర్శి, ఉతుకు యంత్రాల దగ్గర పనిచేసే పెద్దాయన, కారణం అడిగాడు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"చేతిలో వెన్న పెట్టుకుని నేతికి దేవులాడావా తల్లీ! ఇక్కడ అప్పు తీసుకుని అక్కడ తీర్చెయ్."

"సంతకాలు ఏ మొహం పెట్టుకుని అడగను బాబాయ్?"

"కాగితం ఇటివ్వండి," అని వెనకనుంచి గొంతు. మడతల బల్ల దగ్గర పనిచేసే ఆవిడ. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని లాండ్రీ అంతా అంటుంది. గబగబా సంతకం పెట్టేసింది.

"ఆ కంపెనీ వరసలో నిన్ను మూడుసార్లు చూశానే. నువ్వెక్కడ చూస్తావోనని స్తంభం చాటుకు తప్పుకున్నా."

"నువ్వూనా?"

"నేనూనూ. రేపు నా కాగితం మీద నువ్వు పెట్టు."

రెండో సంతకం పెద్దాయన పెట్టాడు. కొత్త వాయిదా పాతదాంట్లో సగమే అని లెక్క తేలింది. ఫీజు కట్టవచ్చు. ఆమెకు సంతోషం వెంటనే రాలేదు. కుర్చీలో కూలబడి, చాలాసేపటికి ఏడ్చింది.

పెద్దాయన ఆపలేదు. ఏడుపు తగ్గాక అన్నాడు: "అప్పుండటం తప్పు కాదమ్మా. పక్కనున్న మనిషిని అడగడానికి మనం సిగ్గుపడినంత కాలం, ఆ సిగ్గు మీద పరాయివాడు వడ్డీ తింటూనే ఉంటాడు."